మీ కుందేలుకు ఎన్ని కాళ్లు? పిడివాదాన్ని మనలోనూ ఎదుటివాళ్లలోనూ పట్టుకోవడం ఎలా

మా ఇంట్లో ఆవకాయ కలిపే రోజుల్లో రెండు నియమాలుండేవి. ఒకటి, తడి గరిటె పెట్టకూడదు. రెండు, బయట చేరినవాళ్లు జాడీ ముట్టుకోకూడదు, ముట్టుకుంటే పచ్చడి బూజు పడుతుంది. చిన్నప్పుడు నాకు ఈ రెండిటికీ తేడా తెలిసేది కాదు, ఎందుకంటే అమ్మ రెండూ ఒకే గొంతుతో చెప్పేది. డిగ్రీ రెండో ఏడాది వేసవి సెలవుల్లో, ఎవరికీ చెప్పకుండా, సరిగ్గా ఆ మూడు రోజుల్లోనే నేను జాడీ మూత తీసి, పొడి గరిటెతో అడుగు నుంచి ఒకసారి కలిపి, మళ్లీ వాసెన కట్టేశాను. మరుసటి ఏడు కొత్తకాయ వచ్చేదాకా ఆ పచ్చడి ఎర్రగా, ఘాటుగా, ఏ మచ్చా లేకుండా ఉంది. అప్పుడు చెప్పాను అమ్మకి. కోప్పడలేదు. కాసేపు ఆలోచించి, "ఆ ఏడు నూనె ఎక్కువ పోశాం కదా, అందుకే ఆగింది" అంది.

ఈ జవాబు దగ్గరే నేను చెప్పాలనుకున్న విషయమంతా ఉంది. పచ్చడి పాడైతే "చూశావా, నేను చెప్పలేదూ" అనేది. పాడవకపోతే నూనె ఎక్కువైందంటోంది. అంటే జాడీలో ఏం జరిగినా ఆ నియమానికి ఏమీ కాదు. తడి గరిటె సంగతి అలా కాదు. తడి తగిలితే బూజు వస్తుంది, ఎవరైనా చూడొచ్చు, రాకపోతే ఆ నియమం తప్పని చెప్పొచ్చు. పిడివాదం అంటే తప్పుడు నమ్మకం అనుకుంటారు చాలామంది. కాదు. నిజమైన విషయాన్ని కూడా పిడివాదంగా పట్టుకోవచ్చు. దేన్ని నమ్ముతున్నాం అన్నది కాదు, దాన్ని ఎలా పట్టుకున్నాం అన్నదే అసలు సంగతి. ఆ మాట వింటే నాకు బిగించిన పిడికిలే గుర్తొస్తుంది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు అనేవాడి ఇబ్బంది కాళ్ల లెక్కలో లేదు, కుందేలుని కింద వదిలి ఒకసారి చూద్దాం అంటే ఒప్పుకోకపోవడంలో ఉంది.

అందుకని ఈ పని ఎదుటివాళ్లతో కాదు, మనతోనే మొదలుపెట్టాలి. ఎలాగో చెప్తాను.

ముందు ఒక్క ప్రశ్న, అదీ మీకు మీరే

"ఏం జరిగితే, ఏం చూపిస్తే, నేను ఈ అభిప్రాయం మార్చుకుంటాను?"

ఇది నాకు ఎవరు నేర్పారో చెప్తాను. నాలుగేళ్ల కిందట అన్నం మానేసి సిరిధాన్యాలకు మారాను. కొర్రలు, సామలు, అరికెలు, ఊదలు, అండుకొర్రలు, ఏది ఎన్ని రోజులు తినాలో ఫ్రిజ్ తలుపు మీద లెక్క రాసి పెట్టాను. రెండు కిలోలు తగ్గితే కొర్రల వల్లే అన్నాను. తర్వాత మూడు నెలలు ఒక్క గ్రాము కదలకపోతే, ఒళ్లు లోపల్నుంచి శుభ్రపడుతోంది, టైం పడుతుంది అన్నాను. తలనొప్పి వస్తే విషం బయటికి పోతోందన్నాను, అది తగ్గితే చూశారా అన్నాను. అమ్మ వంటింట్లో చేటలో కందిపప్పు పోసుకుని రాళ్లు ఏరుతూ, తల ఎత్తకుండానే అడిగింది: "మరి ఏం జరిగితే ఈ కొర్రలు పనిచెయ్యలేదని ఒప్పుకుంటావే?"

నా దగ్గర జవాబు లేదు. నూనె ఎక్కువ పోశాం అన్న ఆమె మాట, ఒళ్లు శుభ్రపడుతోంది అన్న నా మాట, రెండూ ఒకటేనని అప్పుడు తెలిసింది. (కొర్రలు మంచివి కావని నేను అనడం లేదు, ఇప్పటికీ వారానికి రెండుసార్లు వండుతాను. వాటి గురించి నేను మాట్లాడిన తీరు మంచిది కాదు.)

ఈ ప్రశ్న వేసుకునేటప్పుడు ఒక జాగ్రత్త ఉంది. జవాబు ముందే రాసిపెట్టుకోవాలి. ఫలితం వచ్చాక ఆలోచిస్తే మనసు ఎప్పుడూ ఏదో ఒక నూనె సాకు వెతికి తెస్తుంది. "మూడు నెలల్లో బరువు తగ్గకపోతే, షుగర్ రిపోర్ట్‌లో తేడా లేకపోతే మానేస్తాను" అని తేదీతో సహా రాసుకుంటే, ఆ తేదీ వచ్చినప్పుడు తప్పించుకోవడం కష్టం. జవాబుగా ఏమీ రాయలేకపోతే, ఆ నమ్మకం తప్పని కాదు, కానీ దాన్ని మీరు పరీక్షకు పెట్టలేదని మాత్రం తెలుస్తుంది. అది తెలియడమే చాలా పెద్ద విషయం.

ఎందుకు, ఎందుకు, ఎందుకు అని అడుగుతూ అడుగుదాకా వెళ్లండి

ఇది గ్రీకుల దగ్గర్నుంచి వచ్చిన పద్ధతి. పిడివాదాన్ని ఇంగ్లిష్‌లో డాగ్మాటిజం అంటారు, అది గ్రీకు మాట డాగ్మా నుంచి వచ్చింది. ఆ మాటకు మొదట ఉన్న అర్థం తనకు తోచింది, తన అభిప్రాయం అనే. ప్రభుత్వం ఇచ్చే ఆజ్ఞను కూడా అలాగే అనేవాళ్లు. సెక్స్టస్ ఎంపిరికస్ అని ఒక వైద్యుడు, సుమారు 2వ శతాబ్దం వాడు, తత్వవేత్తలను మూడు రకాలుగా విడదీశాడు. సత్యం దొరికేసింది అనేవాళ్లు ఒక రకం, వీళ్లే ఆయన దృష్టిలో పిడివాదులు. అసలు దొరకనే దొరకదు అనేవాళ్లు రెండో రకం. ఇంకా వెతుకుతున్నాం అనేవాళ్లు మూడో రకం, ఆయన తనని ఇందులో వేసుకున్నాడు. నాకు ఇందులో రెండో రకం గురించి చెప్పిందే ఎక్కువ ఉపయోగపడింది. "అన్నీ అబద్ధాలే, డాక్టర్లూ అంతే, పేపర్లూ అంతే, ఎవర్నీ నమ్మకు" అనే మనిషి ప్రతి కుటుంబంలోనూ ఒకరుంటారు, మనం ఆయన్ని అనుమానించి చూసే మనిషి అనుకుంటాం. కానీ ఆయన కూడా వెతకడం ఆపేసిన మనిషే, తలుపు వేసుకున్న వైపు మాత్రమే వేరు.

ఆ కాలం సంశయవాదులు, అంటే ఆ మూడో రకం వాళ్లు, అగ్రిప్ప అనే ఆయన పేరు మీద, ఒక చిన్న చిక్కుముడి చెప్పారు. ఏ మాటకైనా "ఎందుకు?" అని అడుగుతూ పోతే మూడే చోట్లకు చేరతాం. ఒకటి, ప్రతి కారణానికీ ఇంకో కారణం, అంతు లేకుండా. రెండు, తిరిగి తిరిగి మొదటికే రావడం: పెద్దలు చెప్పారు కాబట్టి నిజం, నిజం చెప్తారు కాబట్టి వాళ్లు పెద్దలు. మూడు, ఒకచోట ఆగి "అంతే" అనడం.

నిజాయితీగా చూస్తే మనందరం ఎక్కడో ఒకచోట "అంతే" అంటాం. అనకుండా ఎవరూ బతకలేరు. అందుకే "అంతే" అన్నందుకు ఎవర్నీ తప్పుపట్టకండి, ఎన్నో ప్రశ్నకు అన్నారో చూడండి. మొదటి "ఎందుకు"కే "మా ఇంట్లో అంతే" అని వచ్చిందంటే ఆ విషయం గురించి మనం ఇంకా ఆలోచించనే లేదు. ఏడో ప్రశ్నకో ఎనిమిదో ప్రశ్నకో "మనిషిని మనిషిగా చూడాలి, అంతే" అన్నారంటే అది పునాది. రాత్రి పడుకునే ముందు మీరు గట్టిగా వాదించే ఒక్క విషయం తీసుకుని కాగితం మీద ఇలా కిందికి దిగి చూడండి. నేను చేసినప్పుడు చాలా విషయాల్లో మూడు మెట్లు కూడా దిగలేకపోయాను.

జర్మన్ తత్వవేత్త కాంట్ కూడా ఇక్కడే గట్టిగా పట్టుకున్నాడు. బుద్ధికి అసలు ఎంతవరకు తెలుసుకునే శక్తి ఉందో ముందు పరీక్షించుకోకుండా, దేవుడు, ఆత్మ, లోకం మొత్తం గురించి తీర్పులు చెప్పేయడమే పిడివాదం అన్నాడు. స్కాట్లండ్ తత్వవేత్త హ్యూమ్ రాతలే తనని పిడివాదపు నిద్ర నుంచి లేపాయని 1783లో రాసుకున్నాడు. అంత చదువుకున్న మనిషి, నలభైలు దాటాక, నేను నిద్రలో ఉన్నాను అని అచ్చులో ఒప్పుకోవడం చిన్న విషయం కాదు.

"నాకు తెలుసు" అన్న మాట దగ్గర ఆగండి

తెలివైనవాళ్లు ఎక్కువగా పడే గోతి ఇది. సాల్ క్రిప్కీ అనే అమెరికన్ తత్వవేత్త దీన్ని ఒక చిక్కుప్రశ్నగా పెట్టాడు. ఇలా ఉంటుంది: ఫలానాది నిజమని నాకు తెలుసు. నిజమే కాబట్టి, దానికి వ్యతిరేకంగా వచ్చే ఏ సాక్ష్యమైనా తప్పుదోవ పట్టించేదే అయ్యుండాలి. తప్పుదోవ పట్టించేదాన్ని చూడ్డం ఎందుకు? కాబట్టి చూడను.

ప్రతి మెట్టూ సరిగ్గానే ఉన్నట్టుంటుంది, చివరికి వచ్చి చూస్తే కళ్లు మూసుకుని ఉంటాం. ముడి ఎక్కడ విప్పాలంటే, కొత్త సాక్ష్యం వచ్చిన క్షణంలో "నాకు తెలుసు" అన్న మొదటి మాట ఇంకా నిలిచిందా లేదా అన్నదే మళ్లీ చూసుకోవాలి. నిన్న నా దగ్గరున్న సాక్ష్యాలతో నాకు తెలుసు, ఇవాళ ఇది వచ్చింది, ఇప్పుడు కూడా తెలుసా?

అలాగని వాట్సాప్‌లో వచ్చిన ప్రతి ఫార్వర్డ్‌కీ భూమి గుండ్రంగా ఉందా అని మళ్లీ మొదట్నుంచి మొదలుపెట్టమని కాదు. తేలిపోయిన విషయాలుంటాయి. అంటరానితనం తప్పు అనే మనిషి రోజూ పొద్దున్నే లేచి దాన్ని మళ్లీ చర్చకు పెట్టక్కర్లేదు. గట్టిగా ఉండడం వేరు, పిడివాదం వేరు. గట్టిగా ఉన్న మనిషి తను అక్కడికి ఏ దారిలో చేరాడో అడిగితే చూపించగలడు, ఆ దారిలో ఫలానా మెట్టు విరిగిందని ఎవరైనా చూపిస్తే వంగి చూస్తాడు. పిడివాది దారి చూపించడు. "నన్నే అడుగుతావా" అంటాడు.

ఎదుటివాడి వాదన వాడికంటే బాగా చెప్పగలరా?

ఇక మతం సంగతి. దేవుణ్ణి నమ్మేవాళ్లంతా పిడివాదులని నేను ఇరవైల్లో గట్టిగా వాదించేదాన్ని, అప్పట్లో పెదనాన్నగారితో రెండేళ్లు సరిగ్గా మాట్లాడలేదు కూడా. అది నా తప్పు. మతంలో సిద్ధాంతం ఉండడం, మనిషిలో పిడివాదం ఉండడం వేర్వేరు విషయాలు.

క్యాథలిక్ సంఘంలో డాగ్మా అంటే తిట్టు కాదు, ఇది మన విశ్వాసంలో భాగం అని సంఘం తేల్చి ప్రకటించిన మాట. 325లో నైసియాలో జరిగిన బిషప్పుల సభ క్రీస్తు తండ్రితో ఒకే తత్వం కలవాడని తేల్చింది, అదీ పెద్ద తగాదా తర్వాతే. పోప్ తప్పు చెప్పడు అని 1870లో ప్రకటించారని విని, ఆయన ఏం మాట్లాడినా తప్పుండదని వాళ్లు నమ్ముతారనుకుంటాం. విశ్వాసం, నీతి విషయాల్లో, సంఘం మొత్తానికీ వర్తించేలా, తన పీఠం నుంచి అధికారికంగా తేల్చి చెప్పినప్పుడు మాత్రమే అది వర్తిస్తుంది. ఆ తర్వాత అలా ప్రకటించింది 1950లో, మరియమ్మ శరీరంతో సహా పరలోకం చేరిందన్న విషయంలో. మీరు ఒప్పుకోకపోవచ్చు, నేనూ ఒప్పుకోను. కానీ గీత ఎక్కడ గీశారో వాళ్లకు స్పష్టంగా తెలుసు. మన ఇళ్లలో చాలా నియమాలకు ఆ స్పష్టత కూడా లేదు.

అంతకంటే ముఖ్యమైంది ఇంకోటి. 13వ శతాబ్దంలో థామస్ అక్వినాస్ అనే క్యాథలిక్ తత్వవేత్త ఏ ప్రశ్న తీసుకున్నా ముందు తన అభిప్రాయానికి వ్యతిరేకంగా ఉన్న అభ్యంతరాలు వరుసగా రాసి, తర్వాతే తన మాట చెప్పి, చివర ఒక్కో అభ్యంతరానికీ జవాబిచ్చేవాడు. మనవాళ్లు అదే పనిని పూర్వపక్షం అన్నారు. రామానుజులు బ్రహ్మసూత్రాలకు భాష్యం రాస్తూ, తను ఖండించబోయే అద్వైతాన్ని ముందు ఎంత వివరంగా, ఎంత బలంగా పెట్టారంటే, అక్కడిదాకానే చదివి ఆపేస్తే ఆయన్ని అద్వైతి అనుకోవచ్చు. ఇవాళ మనం పూర్వపక్షం చెయ్యడం అంటే కొట్టిపారెయ్యడం అనే అర్థంలో వాడుతున్నాం, ముందు బాగా చెప్పడం అన్న సగం జారిపోయింది.

కాబట్టి మీరు చేయాల్సింది: ఎవరితోనైనా విభేదిస్తే, వాళ్ల వాదనని మీ నోటితో చెప్పండి, వాళ్లు "అవును, నేను చెప్పేది ఇదే" అనేదాకా చెప్పండి. ఆ మాట వాళ్ల నోటి నుంచి రాకపోతే మీ జవాబు ఇంకా మొదలవ్వకూడదు. నేను పెదనాన్నగారితో మళ్లీ మాట్లాడ్డం ఇలాగే మొదలుపెట్టాను. ఆయన సంధ్యావందనం చేసేది దేవుడికి భయపడి కాదని, పోయిన వాళ్ల నాన్నతో రోజూ అరగంట గడిపినట్టుంటుందని నాకు ముప్పై దాటాక తెలిసింది. అంతకుముందు నేను ఖండించిందంతా ఆయన ఎన్నడూ అనని మాటల్నే.

వాదనలోకి దిగేముందు అది ఏ రకమో చూడండి

వితండవాదం అనే మాట రోజూ వాడతాం కదా, అది గౌతముడి (బుద్ధుడు కాదు, తర్కశాస్త్రం చెప్పిన గౌతముడు) న్యాయసూత్రాల్లోది. అక్కడ చర్చ మూడు రకాలు. నిజం తేల్చుకోడానికి ఇద్దరూ ప్రమాణాలతో, తర్కంతో మాట్లాడుకునేది వాదం. గెలవడమే పనిగా పెట్టుకుని, మాటలు మెలిపెట్టైనా సరే నెగ్గాలని చూసేది జల్పం. తన పక్షం ఏంటో చెప్పకుండా ఎదుటివాడిది పడగొట్టడమే పనిగా పెట్టుకునేది వితండ. మాటలు మెలిపెట్టడాన్ని ఛలం అన్నారు, దానికి పాత ఉదాహరణ ఒకటుంది: ఇతని దగ్గర నవకంబళం ఉంది, అంటే కొత్త దుప్పటి ఉంది అని ఒకరంటే, నవ అంటే తొమ్మిది కదా, తొమ్మిది దుప్పట్లు ఎక్కడున్నాయి అని రెండోవాడు పట్టుకుంటాడు. టీవీ చర్చల్లో మీరు రోజూ చూసేది ఇదే.

చరకసంహితలో వైద్యులకు ఇంకా సూటిగా చెప్పారు. కలిసి తేల్చుకునే సంభాషణ ఒకటి, తలపడే సంభాషణ ఒకటి. దిగేముందు ఎదుటివాడు ఎలాంటివాడో, చుట్టూ కూర్చున్న సభ ఎలాంటిదో చూసుకోమన్నారు. ఫ్యామిలీ గ్రూప్‌లో అరవైమంది చూస్తుండగా బాబాయిని "ఏం చూపిస్తే ఒప్పుకుంటారు?" అని అడిగారనుకోండి, ఎంత మంచి ప్రశ్నైనా అది జల్పమే అవుతుంది, అందరి ముందు ఏ పెద్దమనిషీ వెనక్కి తగ్గడు. అదే ప్రశ్న సాయంత్రం అరుగు మీద కూర్చుని, టీ తాగుతూ, ఇద్దరే ఉన్నప్పుడు, "బాబాయ్, నాకర్థం కాక అడుగుతున్నా" అని మొదలుపెడితే వేరుగా ఉంటుంది. ఒక్కసారే అడగండి. జవాబు కోసం పట్టుబట్టకండి. మనసు మార్చుకోవడం చాలాసార్లు ఎవరూ చూడనప్పుడే జరుగుతుంది.

ఎదుటివాళ్ల కొలతతోనే కొలవడం ఇంకో దారి. దీన్ని గిడుగు రామమూర్తి చేసినంత బాగా తెలుగులో ఎవరూ చేయలేదని నా అభిప్రాయం. రాస్తే గ్రాంథికంలోనే రాయాలి, వాడుక భాష గ్రామ్యం అని పండితులు గట్టిగా పట్టుబట్టిన రోజులవి. 1911లో జయంతి రామయ్య పంతులు పెట్టిన ఆంధ్ర సాహిత్య పరిషత్తు ఆ పక్షానికి బలం. గిడుగు వాడుక భాష గొప్పదని కేకలు వేస్తూ కూర్చోలేదు. గ్రాంథికమే రాయాలంటున్న పండితుల పుస్తకాలే తీసుకుని, వాళ్లు ప్రమాణం అంటున్న వ్యాకరణంతోనే చూసి, ఇదిగో ఇక్కడ తప్పారు, ఇక్కడ తప్పారు అని చూపించాడు. మీరే పాటించలేని నియమం పిల్లల మీద ఎలా పెడతారన్నదే ఆయన ప్రశ్న.

ఈ కథలో నాకు ఎక్కువ ఇష్టమైంది మాత్రం కందుకూరి వీరేశలింగం. జీవితమంతా ఎక్కువగా గ్రాంథికంలోనే రాసిన మనిషి. 1919 ఫిబ్రవరిలో, డెబ్బై ఏళ్ల వయసులో, వాడుక భాష కోసం పెట్టిన సమాజానికి అధ్యక్షుడిగా ఉండడానికి ఒప్పుకున్నాడు. ఆ మే నెలలోనే పోయాడు. డెబ్బై ఏళ్లకు, తన పుస్తకాలన్నీ అటువైపు నిలబడి ఉండగా, ఇటువైపు రావడం. ఇంత వయసొచ్చాక నేనేం మారతాను అని ఎవరైనా అంటే నేను చెప్పేది ఈ ఒక్క విషయమే.

వాదించకూడని సందర్భాలు

ఇవి క్లుప్తంగా చెప్తాను. ఇంట్లో మనిషి పోయి పదిరోజులు కాని వాళ్లతో కర్మకాండ గురించి వాదించకండి. పిల్లకి కామెర్లు వచ్చి, పెద్దవాళ్లు పసరు మందే పోయిద్దాం అంటుంటే, వాళ్లని ఒప్పించేదాకా ఆగకండి, ముందు ఆసుపత్రికి తీసుకెళ్లండి, వాదన తర్వాత. ప్రాణం మీదికి వచ్చినప్పుడు చర్చలో గెలుపోటములకు అర్థం లేదు. మీ ఉద్యోగమో, చదువో, పెళ్లో ఎదుటివాళ్ల చేతిలో ఉన్నప్పుడు కూడా ప్రశ్న వేయడానికి తొందరపడక్కర్లేదు, కాస్త నిలదొక్కుకున్నాక అడగొచ్చు.

ఫోన్‌లో ఒక నోట్

చివరగా నేను ఇప్పుడు చేస్తున్న పని. ఫోన్‌లో ఒక నోట్ పెట్టుకున్నాను. ఎడమవైపు నా గట్టి అభిప్రాయం, కుడివైపు ఏం చూస్తే మార్చుకుంటానో, కింద తేదీ. ఆరు నెలలకోసారి తెరుస్తాను. మొత్తం పదకొండు ఉన్నాయి. రెండు కొట్టేశాను, అందులో ఒకటి సిరిధాన్యాలది. అమ్మకి కూడా చూపించాను. కళ్లజోడు పెట్టుకుని మొత్తం చదివి, ఆవకాయ సంగతి కూడా రాయమంది, కుడివైపు ఏం రాయాలో తనే చెప్పింది: రెండు జాడీలు, ఒకే కాయ, ఒకే నూనె, ఒకటి నువ్వు ముట్టుకో, ఒకటి ముట్టుకోకు. వచ్చే మే నెలలో కలుపుతాం. పిల్లలు తెలుగు మీడియంలో చదివితేనే భాష నిలుస్తుంది అన్నది నా ఏడో నంబరు. దాని కుడివైపు ఇంకా ఖాళీగానే ఉంది.